మితవాది బూర్గుల రామకృష్ణారావు గారు

మోండా మార్కెట్టులో ఒక పూట తిరిగితే తెలుగు, ఉర్దూ, తమిళం, మరాఠీ అన్నీ చెవిన పడతాయి. తమిళం ఒక్కటి పక్కన పెడితే, తక్కినవాటితో పాటు సంస్కృతం, పారశీకం కూడ నేర్చిన పండితుడొకరు ఒకప్పుడు మన ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఆయనే శ్రీ బూర్గుల రామకృష్ణారావు గారు. నేటి మన బిడ్డలలో చాలమందికి ఆయన సంగతి తెలియదు గనుక ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పదలచాము.

వారు 1899 మార్చి 13న పాలమూరు జిల్లా కల్వకుర్తి ప్రాంతములోని పడకల్లు గ్రామములో జన్మించారు. అసలు ఇంటిపేరు పుల్లంరాజు; బూర్గుల వారి స్వగ్రామము. హైదరాబాదులోను, పూనా ఫెర్గూసన్ కళాశాలలోను చదివి, బొంబాయి విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర పట్టముతో తిరిగివచ్చి హైదరాబాదులో వకీలుగా స్థిరపడ్డారు. తరువాత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు గారు కొంతకాలము ఆయన వద్ద జూనియరుగా పని నేర్చుకున్నవారే.

ఆ రోజుల్లో సికిందరాబాదు బ్రిటిషు రెసిడెంటు చేతిలో ఉండేది. హుస్సేన్ సాగరు అవతల నిజాము రాజ్యము. అక్కడ సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 క్రింద ముందుగా అనుమతి పొందవలసిందే. అటువంటి కాలములో, 1931లో, దేవరకొండలో జరిగిన రెండవ ఆంధ్ర మహాసభకు బూర్గుల వారు అధ్యక్షత వహించారు. తీర్మానము, విన్నపము, వాదన: ఇవే ఆయనకు తెలిసిన ఆయుధాలు. అయినా చెరసాల తప్పలేదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమములోను, 1947లోను జైలుకు వెళ్ళారు. 1944 భువనగిరి సభతో ఆంధ్ర మహాసభ చీలి, రావి నారాయణరెడ్డి గారి వర్గము కమ్యూనిస్టు మార్గము పట్టగా మితవాదులు వేరుపడ్డారు. రాష్ట్ర కాంగ్రెసులో సహితము స్వామి రామానందతీర్థ వర్గమునకు బూర్గుల వారి పద్ధతి రుచించలేదు.

1948 పోలీసు చర్య తరువాత వెల్లోడి గారి మంత్రివర్గములో రెవెన్యూ శాఖ ఆయనకు వచ్చింది. 1950 నాటి కౌలుదారీ చట్టము ఆ కాలములోనిదే. తరతరాలుగా ఒకరి పొలము దున్నుతున్న కౌలుదారుకు ఊరికే బేదఖలు కాకుండ రక్షణ కల్పించిన చట్టమిది. 1954 సవరణతో రక్షిత కౌలుదారు భూమికి సొంతదారు కావడానికి కూడ దారి ఏర్పడింది. దొరలకు ఇది ఎక్కువైంది, కమ్యూనిస్టులకు తక్కువైంది. మితవాదికి ఇరువైపుల నుండి తిట్లు తప్పవు మరి!

1952 ఎన్నికలలో 175 స్థానాలకు కాంగ్రెసుకు 93 రాగా, షాద్‌నగరు నుండి గెలిచిన బూర్గుల వారు మార్చి 6న ముఖ్యమంత్రి అయ్యారు. ఆరు నెలలు తిరగకుండానే ముల్కీ ఆందోళన లేచింది. ఉద్యోగాలు స్థానికులకే కావాలని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. మన సికిందరాబాదులో ఈ ప్రశ్న మరీ చిక్కైనది. దండు కొలువుల వెంట మద్రాసు వైపు నుండి వచ్చి తరాలుగా ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు మన మధ్య ఎన్ని లేవు? ఎవరు ముల్కీ, ఎవరు కారు? సెప్టెంబరు మొదటి వారములో హైదరాబాదు సిటీ కళాశాల ప్రాంతములో పోలీసులు కాల్పులు జరపగా ప్రాణాలు పోయాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి గారి చేత విచారణ జరిపించారు. ఎంత మృదుస్వభావులైనా, ఆ కాల్పులు జరిగినది బూర్గుల వారి ప్రభుత్వములోనే. దానిని దాచి ఆయనను పొగడడము మాకు ఇష్టము లేదు.

ఇక 1956 సంగతి. రాష్ట్రాల పునర్విభజన సంఘము 1955లో తెలంగాణ కొంతకాలము వేరుగా ఉండుటే మేలన్నది. విలీనము జరిగితే తన ముఖ్యమంత్రి పదవి పోతుందని బూర్గుల వారు ఎరుగనిది కాదు. మొదట తెలంగాణలో ఎక్కువమంది వేరుగా ఉండనే కోరుతున్నారని కాంగ్రెసు అధ్యక్షులు ధేబరు గారికి వ్రాసినవారే, తరువాత విశాలాంధ్రకు ఒప్పుకున్నారు. ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందముపై కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావు గార్లతో పాటు సంతకము చేశారు. నవంబరు 1న నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. అది త్యాగమని కొందరు, లొంగుబాటని కొందరు అంటూ వచ్చారు. మా మధ్యనే ఏకాభిప్రాయము లేదు. కుర్చీ కోసము చేసిన పని కాదన్నంతవరకు మాత్రము అందరమూ ఒప్పుకుంటాము.

ఆ నెలలోనే కేరళ గవర్నరుగా వెళ్ళారు. 1957లో నంబూద్రిపాదు గారి కమ్యూనిస్టు మంత్రివర్గముచే ప్రమాణము చేయించినది వీరే. ఆ ప్రభుత్వపు విద్యా బిల్లు క్రైస్తవ పాఠశాలల యాజమాన్యాలను కలవరపెట్టింది. గవర్నరు దానిని రాష్ట్రపతి పరిశీలనకు నిలిపారు. రాష్ట్రపతి సుప్రీంకోర్టు అభిప్రాయము కోరగా, 1958లో న్యాయస్థానము అల్పసంఖ్యాకుల విద్యాలయాల హక్కును వివరించింది. మన సంఘపు బడులు నడిపేవారు నేటికీ చెప్పుకునే తీర్పులలో ఇదొకటి. వీధి పోరాటము కంటె ఈ దారియే వకీలు బుద్ధికి తగినదని మాకు తోస్తుంది. అయినా పోరాటము ఆగలేదు. 1959 జూలై 31న ఆ ప్రభుత్వము రద్దయింది. కేంద్రానికి నివేదిక పంపిన గవర్నరుగా ఆ నింద కూడ ఆయన పేరునకు అంటుకున్నది.

1960 నుండి 1962 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగాను, పిదప రాజ్యసభ సభ్యులుగాను ఉన్నారు. పండితరాజ పంచామృతము, సారస్వత వ్యాసముక్తావళి వారి రచనలు. 1967 సెప్టెంబరు 14న కన్నుమూశారు.

ట్యాంకుబండు దాటగానే వారి పేరిట ఒక ప్రభుత్వ భవనము ఉన్నది. 2014లో తెలంగాణ వేరు రాష్ట్రమైన తరువాత, 2019 నుండి 2023లో కొత్త సచివాలయము తెరిచే వరకు, ఆ రాష్ట్రపు సచివాలయము నడిచినది విలీనానికి సంతకము చేసిన ఈ బూర్గుల వారి భవనములోనే.