గిన్నెలకు మాట్లు వేయువాడు చెప్పిన కథ

జాన్ బన్యన్ (1628–1688)

చదువవలసిన వాక్యభాగములు: 2 సమూయేలు 12:1–7, హెబ్రీయులకు 11:13–16

క్రైస్తవుడు కట్టుకథలు చదువవచ్చునా? మన సంఘములలో ఈ ప్రశ్న పాతదే. నవల చేతబట్టిన పిల్లవానిని చూచి, బైబిలుండగా ఈ కల్పనలెందుకని గద్దించిన పెద్దలు మన యిండ్లలో నుండిరి. వారి భయము ఊరక పుట్టినది కాదు. అయితే దావీదు పాపమును దావీదునకు చూపుటకు నాతాను ప్రవక్త తెచ్చినది ఒక కథయే. ఆ బీదవాని గొఱ్ఱెపిల్ల ఏ యూరిలోను లేదు. అయినను రాజు గుండెను పగులగొట్టినది అదే. ఈ ప్రశ్నతో నిజముగా పెనుగులాడిన యొకని జీవితమును ఈ నెల జ్ఞాపకము చేసికొందము.

జాన్ బన్యన్ 1628లో ఇంగ్లండు దేశమున, బెడ్‌ఫర్డు పట్టణము దాపుననున్న ఎల్‌స్టో గ్రామములో పుట్టెను. తండ్రి చిల్లుపడిన గిన్నెలకు మాట్లు వేసి బ్రదుకువాడు. కుమారుడును ఆ పనియే నేర్చెను. చదువు కొద్దిపాటి. 1644 వేసవిలో తల్లియు, నెల తిరిగినంతలో చెల్లెలును చనిపోయిరి. ఆ వేసవి దాటకముందే తండ్రి మరల పెండ్లియాడెను. ఆ సంవత్సరమే జాన్ పార్లమెంటు సైన్యములో చేరెను. అక్కడ ఒక ముట్టడికి తాను పోవలసియుండగా వేరొక సిపాయి తనకు బదులుగా పోయి, తలకు గుండు తగిలి చనిపోయెను. ఈ సంగతిని ఆయన జీవితాంతము మరువలేదు.

సైన్యము విడిచి వచ్చి పెండ్లి చేసికొనెను. ఇంటిలో పళ్లెము లేదు, చెంచా లేదు; ఆమె పుట్టినింటినుండి తెచ్చిన సారె రెండు భక్తి పుస్తకములు మాత్రమే. మొదటి బిడ్డ మేరీ గ్రుడ్డిదిగా పుట్టెను. ఒకనాడు బెడ్‌ఫర్డులో పనిమీద తిరుగుచుండగా, ముగ్గురు నలుగురు బీద స్త్రీలు ఎండలో వాకిట కూర్చుండి దేవుని కార్యములను గూర్చి మాటలాడుకొనుచుండిరి. మతవిషయములలో తాను మంచి మాటకారినని అనుకొనియుండిన బన్యన్‌కు వారి మాటలు అర్థము కాలేదు. వారి ముఖములలోని సంతోషము మాత్రము అర్థమయ్యెను.

అటుపిమ్మట ఆయన పడిన వేదన సామాన్యమైనది కాదు. ఏశావు జ్యేష్ఠత్వము నమ్ముకొన్నట్లు తానును క్రీస్తును అమ్ముకొంటినని, ఇక క్షమాపణ లేదని, చాలకాలము కుమిలిపోయెను. ఒక వాక్యము లేవనెత్తును, మరియొకటి పడవేయును. మన కొల్లేటి ప్రాంతమువారికి ఊబి యనగానేమో చెప్పనక్కరలేదు: కాలు పీకికొనుటకు తన్నులాడినకొలది లోనికి దిగును. ఆయన స్థితి అదియే. బెడ్‌ఫర్డు కాపరియైన జాన్ గిఫర్డు ఉపదేశమును, గలతీ పత్రికపై లూథరు వ్రాసిన వ్యాఖ్యానమును ఆయనకు చేయూతనిచ్చెను. తుదకు నెమ్మది కలిగి, బాప్తిస్మము పొంది, బోధించుటకు ఆరంభించెను.

1658లో భార్య చనిపోయెను. నలుగురు పిల్లలు. మరుసటి యేట ఎలిజబెత్ అను నామెను వివాహమాడెను. 1660 నవంబరు 12న, అధికార సంఘమునకు వెలుపల కూటము జరిపించుటకు వెళ్లగా, ఆయనను పట్టుకొనిరి. ఆ వార్త విని గర్భవతియైన ఎలిజబెత్‌కు నెలలు నిండకముందే ప్రసవమై, బిడ్డ దక్కలేదు. మరుసటి సంవత్సరము ఆమె న్యాయాధిపతుల యెదుట నిలిచి భర్తకొరకు మొఱపెట్టుకొనెను. మాథ్యూ హేల్ అను న్యాయాధిపతి జాలితో వినెనుగాని విడిపింపలేకపోయెను.

ఇక బోధింపనని ఒక్క మాట యిచ్చినచో బన్యన్ ఇంటికి పోవచ్చును. ఇయ్యలేదు. 12 సంవత్సరములు బెడ్‌ఫర్డు చెరసాలలో నుండెను. పొడుగాటి లేసుల కొసలకు రేకు బిగించి, వాటిని గ్రోసుల లెక్కన అమ్మించి కుటుంబమును పోషించెను. ఆయనను ఎక్కువగా బాధించినది ఆ గ్రుడ్డిపిల్ల తలంపే. ఆయన చెరలో నుండగనే మేరీ చనిపోయెను.

ఈ పండ్రెండేండ్లలో ఆయన సిద్ధాంతగ్రంథములు వ్రాసెను, తన మారుమనస్సు చరిత్రను వ్రాసి 1666లో ప్రకటించెను. ఆ చెరలోనే, వేరొక గ్రంథము వ్రాయుచు వ్రాయుచు, తలవని తలంపుగా ఒక కథలో పడెను. మూట మోసికొని ఒకడు నాశనపురమునుండి పరలోక పట్టణమునకు నడచిపోవు కథ. ఎవరికొరకును కాదు, తన సంతోషముకొరకే తీరిక వేళల వ్రాసికొనెను. మిత్రులకు చూపగా వారు రెండు పక్షములైరి. కొందరు అచ్చువేయుమనిరి, కొందరు వలదనిరి. పరిశుద్ధ సంగతులను కల్పనలో చెప్పుట తగదని వారి యభిప్రాయము. వలదన్నవారును భక్తులే, అందుచేత బన్యన్ తొందరపడలేదు. ప్రవక్తలును ప్రభువును ఉపమానములతో బోధించిరి గదా యని సమాధానము కూర్చుకొని, ఆ వాదమునే పద్యములుగా పుస్తకము ముందర చేర్చి 1678లో ప్రకటించెను. వెల 18 పెన్నీలు. ఆ సంవత్సరమే రెండవ ముద్రణ కావలసివచ్చెను.

కథలో యాత్రికుడు నిరాశ అను ఊబిలో పడును. తరువాత, త్రోవ తప్పి, నిరాశ అను రాక్షసునికి చిక్కి సందేహపు కోటలో బంధింపబడును. దెబ్బలు తినును, చచ్చుటయే మేలని తలంచును. వాగ్దానము అను తాళపుచెవి మొదటినుండియు తన రొమ్మునే యున్నదని అప్పుడు జ్ఞప్తికి వచ్చును. బన్యన్ ఏండ్లతరబడి అనుభవించిన దానినే ఇక్కడ రెండు మూడు పుటలలో చెప్పెను. తన చరిత్రలో దానిని తన బాధగా చెప్పియుండెను. చదువువాడు అయ్యో యనుకొనును. కథలో అది ఒక తలుపు, ఒక తాళము. చదువువాడు తన రొమ్ము తడవి చూచుకొనును. కథ చేయగల పని ఇదేనని నాకు తోచుచున్నది.

ఒక్క సంగతి మాత్రము నాకు ఎన్నడును మింగుడుపడలేదు. యాత్రికుడు భార్యాబిడ్డలు పిలుచుచుండగా చెవులు మూసికొని పరుగెత్తును. మేరీని, ఎలిజబెత్‌ను విడిచి చెరలో కూర్చున్న తండ్రి ఆ పుట వ్రాయునప్పుడు ఏమి తలంచెనో! 1684లో ఆయన రెండవ భాగము వ్రాసెను. అందులో ఆ భార్యయే పిల్లలను వెంటబెట్టుకొని, అదే త్రోవన బయలుదేరును. ఈమారు తోడుగా ఒక కావలివాడుండును. రాక్షసుడు చచ్చును, సందేహపు కోట కూలును. అందు భయస్థుడను వాని ముచ్చట యున్నది. అతడు ఊబియొద్దనే నెలదినములు పడియుండెను, ప్రతి గడ్డిపరకకును జడిసెను. అట్టివాడు కడపటి నదిని దాటు దినమున నీరు ఎన్నడును లేనంత తక్కువగా నుండెనట. వేసవిలో కొల్లేరు ఎండి, దోనె లేకుండ నడచిపోయిన దినములు ఎరిగిన మండవల్లి వైపు వారికి ఈ మాట సులభముగా అర్థమగును.

ఈ పుస్తకము 200కు పైగా భాషలలోనికి పోయెను; తెలుగులో యాత్రికుని ప్రయాణము అను పేరున మనకు లభించినది. ఇందులో ఒక విచిత్రము కలదు. 1841లో మచిలీపట్నము చేరి ఈ సీమలో సువార్తపని ఆరంభించిన చర్చి మిషనరీ సొసైటీవారు ఆంగ్లికన్ సంఘమువారు. బన్యన్‌ను చెరలో వేయించినది ఆ సంఘపు చట్టములే. 1912లో లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయన పేర ఒక రంగుటద్దముల కిటికీ పెట్టిరి.

1672లో విడుదలయైన బన్యన్, మరల కొన్ని నెలలు చెరలో నుండినను, తుదివరకు బెడ్‌ఫర్డు సంఘమునకు కాపరిగా నుండెను. 1688లో, తండ్రికిని కుమారునికిని పడని యొక యింట సమాధానము చేయుటకు రెడింగు పట్టణమునకు వెళ్లెను. అది కుదిర్చి, గుఱ్ఱముపై లండనుకు వచ్చుచు వానలో తడిసి, జ్వరము తగిలి, ఆగస్టు 31న స్నేహితుని యింట కన్నుమూసెను. బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానములో ఆయనను పాతిపెట్టిరి. రాబిన్సన్ క్రూసో కథ వ్రాసిన డేనియల్ డెఫో, కీర్తనలు వ్రాసిన ఐజాక్ వాట్స్ సమాధులును ఆ ఆవరణములోనే యున్నవి.