రెండో లెక్కలో గట్టెక్కిన బరంపురం బిడ్డ

బరంపురం: 1969 ఆగస్టులో దేశమంతటా ఒకటే చర్చ. రాష్ట్రపతి ఎన్నికలో వరాహగిరి వెంకటగిరి నెగ్గుతారా, లేదా? కాగితం మీద చూస్తే అవకాశం తక్కువే. పాలక కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. గిరి పార్టీ లేని స్వతంత్ర అభ్యర్థి. పైగా 75 ఏళ్ల వయసు.

అయితే పెద్దవాళ్లతో తలపడటం ఆయనకు కొత్తేమీ కాదు. 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పట్లో ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. గిరి కూడా లా చదవడానికి 1913లో ఐర్లాండ్‌లోని డబ్లిన్ వెళ్లారు. 1916లో తిరిగొచ్చాక బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టి నాయకుడయ్యారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలిలో నిలబడి, మద్రాసు ప్రధానిగా ఉన్న బొబ్బిలి రాజానే ఓడించారు.

ఓటమి రుచీ తెలుసు. నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రిగా ఉంటూ, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో పదవి వదిలేశారు. 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగా పనిచేసి, 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ కన్నుమూయడంతో ఆ బాధ్యతలు గిరికి వచ్చాయి. జులైలో బెంగళూరులో కాంగ్రెస్ పెద్దలు ఇందిరాగాంధీ మాట కాదని సంజీవరెడ్డిని ఎంపిక చేశారు. గిరి జులై 20న రాజీనామా చేసి పోటీకి దిగారు. ఓడితే చేతిలో ఏ పదవీ మిగలదు.

మరి బలం ఎక్కడిది? కమ్యూనిస్టులు, డీఎంకే, అకాలీదళ్ ఆయన వైపు నిలిచాయి. అది చాలదు, కాంగ్రెస్ ఓట్లు చీలాలి. అంతరాత్మ చెప్పినట్టు ఓటేయాలని ఇందిర పిలుపునివ్వడంతో ఆ దారి తెరుచుకుంది. అయినా ఒక చిక్కు మిగిలింది. స్వతంత్ర, జనసంఘ్ పార్టీల అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్ ఓటర్ల రెండో ప్రాధాన్యం సంజీవరెడ్డికి పోతే?

ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు. ఎంపీ, ఎమ్మెల్యే ఓట్లకు విలువ కట్టి లెక్కిస్తారు కాబట్టి అంకెలు లక్షల్లో ఉంటాయి. గెలుపుకు కావాల్సింది 4,18,169. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గిరి ముందున్నారు గానీ గెలవలేదు.

రెండో ప్రాధాన్యాలు కలిపేసరికి భయపడినంతా జరిగింది. సంజీవరెడ్డికి 91,879 కలిస్తే, గిరికి కలిసింది 18,562 మాత్రమే. కానీ మొదట్లో దక్కిన ఆధిక్యమే కాపాడింది. 4,20,077తో గిరి గెలిచారు. సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగిపోయారు. కావాల్సిన దానికన్నా గిరికి వచ్చింది 1,908 ఎక్కువ, అంతే.

ఆ ఏడాదే కాంగ్రెస్ రెండుగా చీలింది. గెలుపు చెల్లదంటూ సుప్రీంకోర్టులో కేసులు పడితే గిరి స్వయంగా సాక్ష్యం చెప్పారు. ఆ కేసులు నిలబడలేదు. 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు. 1975లో భారతరత్న అందుకున్నారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. అప్పుడు ఓడిన సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. రెండో ప్రాధాన్యం ఓట్లతో తేలిన రాష్ట్రపతి ఎన్నిక మాత్రం ఇప్పటికీ గిరిది ఒక్కటే.