ఆకాశానికి దారి వేసిన జె.ఆర్.డి. టాటా

మా జక్రాన్‌పల్లికి విమానాశ్రయం వస్తుందన్న మాట ఏళ్ల తరబడి వింటున్నాం. అది ఎప్పుడు వచ్చినా, ఇటు ఆర్మూరు నుంచి అటు బోధన్ దాకా గల్ఫ్‌కు ఒక్క మనిషైనా వెళ్లని ఊరు అరుదు. మన పిల్లలు ఎక్కే విదేశీ విమానాలకు ఈ దేశంలో మొదట దారి వేసిన మహనీయుణ్ణి ఈ ప్రత్యేక సంచికలో తలచుకోవడం సముచితమని నాలుగు మాటలు రాస్తున్నాను.

జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా 1904 జూలై 29న పారిస్‌లో జన్మించారు. తండ్రి పార్సీ, తల్లి ఫ్రెంచి వనిత. 1929లో మన దేశంలో ఇచ్చిన పైలట్ లైసెన్సుల్లో మొదటి నంబరు ఆయనదే. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా సంచులతో చిన్న విమానాన్ని స్వయంగా నడుపుకొచ్చారు. అక్కడి నుంచి ఆ టపాను ఆయన సహచరుడు నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు. టాటా ఎయిర్‌లైన్స్ ఆ విధంగా మొదలైంది. 1945లో నిజాం ప్రభుత్వంతో కలిసి బేగంపేటలో దక్కన్ ఎయిర్‌వేస్‌ను నెలకొల్పింది కూడా ఈ సంస్థే.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ఆయన దృష్టి సముద్రాల అవతలికి మళ్లింది. ప్రభుత్వానికి 49 శాతం వాటాతో 1948లో ఎయిరిండియా ఇంటర్నేషనల్ ఏర్పడింది. ఆ జూన్ 8న మలబార్ ప్రిన్సెస్ అనే కాన్‌స్టెలేషన్ విమానం 35 మంది ప్రయాణికులతో బొంబాయిలో బయలుదేరి కైరో, జెనీవాలలో ఆగి లండన్ చేరింది. అందులో టాటా దంపతులూ ఉన్నారు. దానికి నాలుగు ఇంజన్లు, ముందు గిర్రున తిరిగే పంకాలు, వెనుక మూడు తోకలు. ఓడలో వారాలు పట్టే ప్రయాణం రెండు రోజుల్లోపు ముగిసింది. దురదృష్టవశాత్తు 1950 నవంబరు 3న అదే విమానం ఆల్ప్స్ పర్వతాల్లో కూలి, అందులోని 48 మందీ మరణించారు. ఆనాటి ప్రయాణం వైభవంతో పాటు ప్రమాదం కూడా.

1953లో ప్రభుత్వం విమాన సంస్థలన్నింటినీ జాతీయం చేసింది. టాటా గారికి అది ఇష్టం లేదు. తనను సరిగా సంప్రదించలేదని బాధపడ్డారు. అయినా ఎయిరిండియా అధ్యక్ష పదవిని జీతం లేకుండా స్వీకరించి పాతికేళ్లు నిర్వహించారు. విమానం ఎక్కిన ప్రతిసారీ లోపాలు రాసుకునేవారు. సీటు ఎంత వాలుతోంది, టీ రంగు కాఫీ రంగులా ఎందుకుంది వంటివి కూడా ఆయన కంటికి చిన్న సంగతులు కావు. 1960లో జెట్ విమానాలు వచ్చి పంకాల యుగం వెనుకబడినా ఆ శ్రద్ధ తగ్గలేదు.

1978 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆయన్ను ఆ పదవి నుంచి తొలగించింది. సర్కారు ఉత్తరం కంటే ముందు, కొత్తగా నియమితులైన వారి ద్వారానే ఆ సంగతి ఆయనకు తెలిసింది. అప్పుడు నేను కొత్త గుమాస్తాను. ఆఫీసు మన సొంతమా ఏమిటి అన్న ధీమాతో ఒక వితంతువు పింఛను కాగితాన్ని నెల రోజులు నా బల్ల మీదే ఉంచాను. ఆమె నాలుగుసార్లు బస్సెక్కి వచ్చి, నాలుగుసార్లూ వట్టి చేతులతో వెళ్లింది. తన చేతిలోంచి తీసుకున్న సంస్థను పాతికేళ్లు తనదిగానే చూసుకున్న మనిషి గురించి తర్వాత వివరంగా చదివినప్పుడు, ఆ కాగితమే గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. ఆపైన సాయంత్రం బల్ల ఖాళీ చేయకుండా ఇంటికి వెళ్లకూడదని నియమం పెట్టుకున్నాను.

పదవి పోయినా టాటా గారు కుంగిపోలేదు. 1982లో తన 78వ ఏట, యాభై ఏళ్ల నాటి ఆ కరాచీ-బొంబాయి దారిలోనే చిన్న విమానాన్ని మళ్లీ నడిపారు. 1992లో భారతరత్న అందుకున్నారు. 1993 నవంబరు 29న జెనీవాలో, తన మొదటి విదేశీ విమానం ఆగిన ఊళ్లోనే, కన్నుమూశారు. 2022 జనవరిలో ఎయిరిండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది. ఆ రోజు చూడటానికి ఆయన లేరు.

ఈసారి పిల్లల్ని సాగనంపడానికి శంషాబాద్ వెళ్లినప్పుడు, విమానం కనుమరుగయ్యేలోగా మనవలకు ఆయన పేరు ఒక్కసారి చెప్పండి.