పిట్టల కోసం కాలాలన్నీ తిరిగిన సలీం అలీ

రంజాన్ పండగ మర్నాడో, బక్రీద్ సెలవుల్లోనో పిల్లల్ని వెంటేసుకుని తిరుపతి జూకి పోయే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. శేషాచలం కొండల కింద 1987లో మొదలైన ఆ జూలో పిల్లలు పులి దగ్గర గంటసేపైనా నిలబడతారు, సింహాల సఫారీ బస్సు కోసం మారాం చేస్తారు. పక్షుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరి నడకా వేగం అందుకుంటుంది. నెమలి పురి విప్పితే తప్ప ఎవరూ ఆగరు.

ఆ జూ మొదలైన ఏడాదిలోనే ముంబైలో ఒక పెద్దాయన తొంభై ఏళ్ల వయసులో ఇంతికాల్ అయ్యారు. పిట్ట దగ్గర ఆగి చూడటం ఈ దేశానికి నేర్పింది ఎక్కువగా ఆయనే. పూర్తి పేరు సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఆయన ఒక మార్కు ప్రశ్న: భారతదేశపు బర్డ్ మ్యాన్ ఎవరు? జవాబు రాసి ముందుకు పోతారు. ఆ ఒక్క మార్కు వెనక కాలేజీ మధ్యలో వదిలేసిన కుర్రవాడు, ఉద్యోగం పోయిన భర్త, నలభై రెండేళ్లకే భార్యను పోగొట్టుకున్న మనిషి ఉన్నారు.

1896 నవంబర్ 12న బొంబాయిలో ఒక సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. తోబుట్టువులందరిలోకీ చిన్నవాడు. ఏడాది నిండేసరికి తండ్రి పోయారు, మూడేళ్లకి తల్లి జీనతున్నిసా పోయారు. పిల్లలందర్నీ మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం తెచ్చి ఖేత్వాడీలోని తమ ఇంట్లో పెట్టుకున్నారు. ఆ దంపతులకు సొంత పిల్లలు లేరు. అమీరుద్దీన్ మామూకి వేట అంటే ఇష్టం. చిన్న సలీంకి ఒక ఎయిర్ గన్ ఇచ్చారు. పిల్లవాడు దాంతో పిచ్చుకల్ని కొట్టేవాడు, హలాల్ చేసిన పిచ్చుకలు వంటింట్లోకి పోయేవి. ఇప్పుడు వినడానికి ఎట్లా ఉన్నా, ఆ రోజుల్లో ఆ ఇళ్లలో అది మామూలు సంగతి.

పదేళ్ల వయసప్పుడు ఒకరోజు పడగొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది, కూర మరక అంటినట్టు. ఇది మామూలు పిచ్చుకేనా, ముసల్మాన్ తినొచ్చా అని పిల్లవాడికి అనుమానం వచ్చింది. మామూని అడిగాడు. ఆయనకూ తెలియలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో ఆయన సభ్యుడు కాబట్టి, అక్కడి కార్యదర్శి మిలార్డ్ దొర దగ్గరికి చీటీ రాసిచ్చి పంపారు. పిల్లవాడు పిట్టను కాగితంలో చుట్టుకుని బెదురుబెదురుగా పోయాడు. దొర కసురుకోలేదు. అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, ఒక్కో సొరుగూ లాగి దూది కూరి భద్రం చేసిన వందల పిట్టల్ని చూపించాడు. తినొచ్చా లేదా అన్న ప్రశ్నతో పోయిన పిల్లవాడు ఇన్ని రకాల పిట్టలున్నాయా అనుకుంటూ తిరిగొచ్చాడు. మతం అడగమన్న ప్రశ్నే అతన్ని ఆ గడప తొక్కించింది. అడగకుండా వంటింట్లో ఇచ్చేసి ఉంటే కథ అక్కడే అయిపోయేది.

చదువులో మాత్రం మెరవలేదు. తలనొప్పుల బాధ వల్ల కొంతకాలం సింధ్‌లో బంధువుల దగ్గర ఉండాల్సి వచ్చింది. 1913లో మెట్రిక్ గట్టెక్కారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరితే మొదటి ఏడాదే లాగరిథమ్స్ దగ్గర చేతులెత్తేసి బర్మా పోయారు. అక్కడ తవోయ్‌లో కుటుంబానికి టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం ఉండేవి. లెక్కల పుస్తకాలకన్నా చుట్టూ ఉన్న అడవిలో ఎక్కువ కాలం గడిచింది. 1917లో తిరిగొచ్చి దావర్స్ కామర్స్ కాలేజీలో కమర్షియల్ లా, అకౌంటెన్సీ చదవడానికి చేరారు. సెయింట్ జేవియర్స్‌లో ఫాదర్ బ్లాటర్ ఈ కుర్రవాడి మనసు యాడుందో కనిపెట్టి జువాలజీ చదవమన్నారు. పొద్దున కామర్స్, ఆ తర్వాత జంతుశాస్త్రం. మన ఇళ్లలో బీకాం చేసి మనసుకి నచ్చింది ఇంకోటి చేసుకునేవాళ్లకి ఈ తిప్పలు కొత్తగా అనిపించవు.

1918లో తహ్మీనాతో నికాహ్ అయింది. జువలాజికల్ సర్వేలో ఉద్యోగానికి దరఖాస్తు పెడితే యూనివర్సిటీ డిగ్రీ లేదని ఇవ్వలేదు. చివరికి 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్ పని దొరికింది. జీతం నెలకి 350 రూపాయలు. పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని గాజు అద్దాల వెనక ఉన్న జంతువుల గురించి, పక్షుల గురించి చెప్పడం ఆ పని. రెండేళ్లు చేశాక, చచ్చిన పక్షుల గురించి చెబుతున్న తనకే ఇంకా చాలా తెలియాలనిపించి సెలవు పెట్టి జర్మనీ పోయారు. బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే ప్రొఫెసర్ దగ్గర నేర్చుకున్నారు. ఆయన్నే జీవితాంతం గురువుగా చెప్పుకున్నారు.

1930లో తిరిగొస్తే మ్యూజియంలో ఆ ఉద్యోగమే లేదు. డబ్బుల్లేవని పోస్టు ఎత్తేశారు. వయసు ముప్పై మూడు. భార్యాభర్తలు బొంబాయికి అవతల సముద్రం ఒడ్డున కిహీం అనే పల్లెలో ఉన్న ఇంటికి మారిపోయారు. వానాకాలం మొదలైంది. ఇంటి దగ్గర చెట్టుకి గిజిగాళ్లు గూళ్లు కట్టడం మొదలుపెట్టాయి.

గిజిగాడి గూడు చూడని పల్లె మన వైపు ఉండదు. చిత్తూరు జిల్లాలో బావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకి, ఈతచెట్లకి వేలాడుతుంటాయి. అందరూ చూస్తారు, పిల్లలు రాళ్లేస్తారు. సలీం అలీ ఆ వానాకాలమంతా గుడ్డ చాటున కూర్చుని చూశారు. మగ పిట్ట సగం గూడు కట్టి ఆపుతుంది. ఆడవి గుంపుగా వచ్చి గూళ్లలో దూరి ఒక్కోటీ పరీక్షిస్తాయి. ఏదో ఒకదానికి గూడు నచ్చితేనే ఆ మగపిట్టకి సంసారం, అప్పుడే మిగతా సగం పూర్తి చేస్తుంది. గుడ్లు పెట్టి పొదగడం ఆడపిట్ట మొదలుపెట్టగానే మగవాడు ఇంకో సగం గూడు మొదలుపెట్టి ఇంకో పెళ్లాం కోసం చూస్తుంటాడు. ఇంతమంది ఇన్ని వందల ఏళ్లు చూసిన పిట్టలో ఈ సంగతి ఎవరూ కనిపెట్టి రాయలేదు. ఆ వ్యాసంతోనే శాస్త్రవేత్తల్లో ఆయన పేరు వినిపించింది. పని లేక ఖాళీగా కూర్చున్న కాలంలో దొరికిన పేరు అది.

తర్వాత ఆయన వేసిన ఎత్తు ఇంకా విచిత్రమైనది. సంస్థానాలకు ఉత్తరాలు రాశారు: మీ రాజ్యంలో పక్షుల సర్వే చేసిపెడతాను, జీతం వద్దు, గుడారాలకీ ప్రయాణానికీ ఖర్చులిస్తే చాలని. ముందుకొచ్చింది నిజాం ప్రభుత్వం. అట్లా 1931లో హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే మొదలైంది. నల్లమలలోని అమ్రాబాద్ అడవుల్లో దాకా గుడారాలు వేసుకుంటూ తిరిగారు. తహ్మీనా వెంటే ఉండేవారు. విదేశంలో చదువుకున్న, సుఖంగా పెరిగిన అమ్మాయి. లాంతరు వెలుగులో వంట, ఎడ్లబండి మీద సామాను, రోజుకో మకాం. ఆయన రాసింది చదివి ఇంగ్లీషు సరిచేసింది కూడా ఆమే. ఆ తర్వాత కొచ్చిన్, తిరువాన్కూరు, భోపాల్, గ్వాలియర్, ఇండోర్. దేశంలో యాడ ఏ కాలంలో ఏ పిట్ట ఉంటుందన్న లెక్క ఇట్లా ఖర్చులకు మాత్రం డబ్బు పుచ్చుకుని రాసిన సర్వేలతో తయారైంది.

1939లో చిన్న ఆపరేషన్ తర్వాత ఒంట్లో విషం ఎక్కి తహ్మీనా చనిపోయారు. పిల్లలు లేరు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. చెల్లెమ్మ వరసలాంటి ఆప్యాయతతో చూసుకున్న అక్క కమ్మూ, బావ హసన్ ఇంట్లో, బాంద్రాలో ఉండిపోయారు. రెండేళ్లకు, 1941లో, భారతీయ పక్షుల పుస్తకం అచ్చయింది. బొమ్మ చూసి పిట్టను గుర్తుపట్టే వీలున్న ఆ పుస్తకం మామూలు జనం చేతుల్లోకి పోయింది. తర్వాత అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లేతో కలిసి పది సంపుటాల పెద్ద గ్రంథం రాశారు. అది 1968 నుంచి 1974 వరకు వరసగా వచ్చింది.

ఆయన గురించి రాసేటప్పుడు మనవాళ్లు దాటేసే సంగతులు రెండున్నాయి. ఒకటి, ఆయన తుపాకీ జీవితాంతం వదల్లేదు. శాస్త్రం కోసం వేల పిట్టల్ని కొట్టారు. చేతిలోకి తీసుకుని కొలవకుండా జాతి తేల్చలేమన్నది ఆయన వాదన, ఆ కాలపు శాస్త్రవేత్తలందరి వాదన కూడా. రెండోది, ఆయన నమాజీ కాదు. చిన్నప్పుడు అర్థం తెలియకుండా ఖురాన్ చదివించడం, పైకి భక్తి చూపించే పెద్దల తీరు తనకు నచ్చలేదని ఆత్మకథలో దాచకుండా రాసుకున్నారు. అందులో అందరం ఒప్పుకోవాల్సింది లేదు. ఆయన్ని మనవాడని చెప్పుకునేటప్పుడు మొత్తం మనిషిని చెప్పుకోవడమే మర్యాద.

సరదాల్లో మోటార్‌సైకిల్ మొదటిది. 1950లో స్వీడన్‌లోని ఉప్సాలాలో పక్షిశాస్త్రవేత్తల మహాసభకు తన సన్‌బీమ్ బండిని ఓడలో వేసుకుని పోయి, యూరప్ రోడ్ల మీద నడుపుకుంటూ సభకు చేరారు. ఇండియా నుంచి బండి మీదే వచ్చాడని అక్కడ కొందరు నమ్మేశారు.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చెరువులు ఈరోజు నేషనల్ పార్కుగా ఉన్నాయంటే అందులో ఆయన పోరాటం పెద్దది. ఒకప్పుడది మహారాజుల వేటస్థలం. 1938 నవంబర్ 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పిట్టల్ని కాల్చింది. ఆ లెక్క రాతి మీద చెక్కి అక్కడే ఉంది. అది సలీం అలీ నలభై రెండో పుట్టినరోజు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ నేలను సాగుకి ఇచ్చేయాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు నెహ్రూ దాకా పోయి ఆపించారు.

చలికాలంలో వచ్చే పిట్టలు ఎక్కణ్ణుంచి వస్తాయన్నది ఆయన్ని చివరిదాకా వదలని ప్రశ్న. 1959 నుంచి సొసైటీ తరఫున వేల పక్షుల్ని వలల్లో పట్టి, కాలికి నంబరున్న అల్యూమినియం రింగు తొడిగి వదిలే పని నడిపించారు. ఆ రింగు ఇంకో దేశంలో దొరికితే దారి తెలుస్తుంది. ఈ పని విలువ తెలియాలంటే మనవాళ్లు దూరం పోనక్కర్లేదు. 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చిన సూళ్లూరుపేట వైపు చలికాలంలో పోతే పులికాట్‌లో ఫ్లెమింగోలు వరసలుగా నిలబడి ఉంటాయి. దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో గూడబాతులు నీళ్లలోని చెట్ల మీద పిల్లల్ని సాకుతుంటాయి. అదే చోటికి మే నెలలో పోయి, ఏమీ లేదని తిట్టుకుంటూ తిరిగొచ్చేవాళ్లూ ఉన్నారు. సలీం అలీ ఒకే చోటికి వానల్లో, చలిలో, ఎండల్లో మళ్లీ మళ్లీ పోయేవారు. ఏ నెలలో ఏ పిట్ట లేదో కూడా నోట్‌బుక్కులో రాసుకునేవారు.

1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ సభ్యత్వం వచ్చాయి. ఇంత దొరికిన మనిషికి చాలాకాలం దొరకని పిట్ట ఒకటుంది. అది మన కొండల్లోదే.

తిరుపతి నుంచి మామండూరు మీదుగా కడప దారి పడితే శేషాచలం, పాలకొండలు, ఆ పైన లంకమల. ఆ వైపు ముళ్లపొదల్లో ఉండే కలివికోడిని 1848 ప్రాంతంలో జెర్డాన్ అనే వైద్యుడు లోకానికి తెలిపాడు. 1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక మళ్లీ ఎవరికీ కనబడలేదు. అంతరించిందని చాలామంది రాసేశారు. సలీం అలీ, రిప్లే మాత్రం 1970లలో దానికోసం వెతికించారు. దొరకలేదు. సొసైటీ వాళ్లు వదలకుండా బొమ్మ చూపించి కడప పల్లెల్లో అడుగుతూ పోయారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర పిట్టలు పట్టుకునే ఒక స్థానికుడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని చేత్తో పట్టుకున్నాడు. అది రాత్రి తిరిగే పిట్ట. పెద్దపెద్ద శాస్త్రవేత్తలు ఎనభై ఏళ్లకు పైగా పగలు వెతికారు!

ఆ కబురు సలీం అలీ బతికుండగానే వచ్చింది. అప్పటికి ఆయనకు ఎనభై తొమ్మిదేళ్లు, క్యాన్సర్‌తో పోరాడుతున్నారు. పట్టుకున్న పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. దాన్ని బొంబాయి సొసైటీలోనే భద్రపరిచారు, ఒకప్పుడు మిలార్డ్ దొర సొరుగులు లాగి చూపించిన ఆ సేకరణలోనే. మరుసటి ఏడాది ఆయన పోయారు. 1988లో లంకమల అభయారణ్యం అయింది.