రోనాల్డ్ రాస్

సర్ రోనాల్డ్ రాస్ (మే 13, 1857 - సెప్టెంబరు 16, 1932) మలేరియా దోమల ద్వారా వ్యాపిస్తుందని నిరూపించిన బ్రిటిషు వైద్యుడు, నోబెల్ బహుమతి గ్రహీత. హైదరాబాదులో అడిక్‌మెట్‌ను ఆనుకొని ఉన్న నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి ఈయన పేరు పెట్టారు. ప్రజలు కోరంటి దవాఖానా అని పిలిచే ఈ ఆసుపత్రిలో కలరా, అతిసారము వంటి ప్రేగువ్యాధులకు కూడా చికిత్స చేస్తారు.

తొలి జీవితం

రాస్ హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించాడు. తండ్రి సైనికాధికారి. లండనులో వైద్యవిద్య ముగించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు.

ప్రేగుల సిద్ధాంతం

ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లో మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవిని కనుగొన్నాడు. రాస్ ఎందరో రోగుల రక్తాన్ని పరీక్షించినా ఆ జీవి కనబడలేదు. అందువల్ల లావెరాన్ మాటను శంకించి, మలేరియా జ్వరానికి మూలం ప్రేగులలోనే ఉన్నదని వ్యాసాలు ప్రకటించాడు. 1894లో సెలవుపై లండను వెళ్ళినపుడు పాట్రిక్ మాన్సన్ ఆయనకు ఆ పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూపించాడు. లోపం తన పరీక్షా విధానంలోనే ఉన్నదని గ్రహించి రాస్ పాత అభిప్రాయాన్ని విడిచిపెట్టాడు.

సికింద్రాబాదులో పరిశోధన

1895లో సికింద్రాబాదు వచ్చి పరిశోధన ప్రారంభించాడు. అదే సంవత్సరం కలరా నివారణకై ప్రభుత్వం ఆయనను బెంగుళూరుకు పంపింది. 1897లో తిరిగివచ్చి, ఆగష్టు 20న బేగంపేటలో, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపు గోడలో పరాన్నజీవిని కనుగొన్నాడు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై చేసిన ప్రయోగాలతో, అది దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా వ్యాపిస్తుందని నిరూపించాడు. 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. లండనులో మరణించాడు.

ప్రాధాన్యత

పరీక్షా విధానం మారితే ఫలితం మారుతుందనడానికి రాస్ జీవితం ఒక ఉదాహరణ. ఆసుపత్రులలో సోకే ప్రేగువ్యాధుల విషయంలో ఈ సమస్య నేటికీ ఉన్నది. యాంటీబయాటిక్ మందులు వాడిన రోగులకు ఎక్కువగా సోకే క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియాను గుర్తించడానికి కొన్ని ప్రయోగశాలలు మలంలో దాని విషపదార్థాన్ని వెతుకుతాయి. మరికొన్ని దాని జన్యువును వెతుకుతాయి. మొదటి పద్ధతిలో కొందరు రోగులు తప్పిపోవచ్చు. రెండవ పద్ధతిలో, వ్యాధి లేకుండా బాక్టీరియాను మోస్తున్నవారు కూడా రోగులుగా లెక్కకు రావచ్చు. అందుచేత రెండు ఆసుపత్రుల లెక్కలను పోల్చే ముందు, అవి ఏ పరీక్షతో వచ్చాయో తెలుసుకోవడం అవసరం.