పురుగుకు పేరు పెట్టిన లిన్నేయస్

కార్ల్ లిన్నేయస్ గొప్ప శాస్త్రవేత్త. ఆయన 1707 మే 23న స్వీడన్ దేశంలోని రాషుల్ట్ అనే పల్లెలో జన్మించారు. తండ్రి చర్చిలో పాస్టరు. వాళ్లకు ముందు ఇంటిపేరు లేదు. సొంత పొలంలోని లిండెన్ చెట్టును బట్టి తండ్రి లిన్నేయస్ అని పెట్టుకున్నారు.

చిన్నప్పుడు ఆయనకు చదువు కన్నా మొక్కలంటేనే ఇష్టం. ఈ పిల్లగాడు చదువుకు పనికిరాడు, ఏదన్న చేతిపని నేర్పించమని సార్లు తండ్రికి చెప్పారు. కాని రోత్‌మన్ అనే సారు మాత్రం నమ్మి, తన ఇంట్లో ఉంచుకొని వైద్యం, మొక్కల గురించి నేర్పించారు.

1732లో లిన్నేయస్ లాప్‌లాండ్ పోయారు. అక్కడ సామీ అనే ఆదివాసులు రెయిన్‌డీర్ జింకలను మేపుతరు. ఏ మొక్క దేనికి పనికొస్తదో వాళ్ల దగ్గర తెలుసుకొని రాసుకున్నారు.

అప్పట్లో శాస్త్రంలో ఒక్కో జీవి పేరు ఒక లైను పొడుగు ఉండేది. లిన్నేయస్ రెండు మాటల పేరు పెట్టారు. మొదటిది ఇంటిపేరు లాంటిది, రెండోది సొంత పేరు. 1753లో మొక్కలకు, 1758లో జంతువులకు అట్ల పెట్టారు.

మన హాలియా దిక్కు చిక్కుడు, టమాట మీద కనిపించే పచ్చ కంపునల్లి ఆ 1758 పుస్తకంలో ఉంది. దాని పేరు సైమెక్స్ విరిడ్యులస్. మంచంలో కుట్టే నల్లి పేరు సైమెక్స్ లెక్టులారియస్. అంటే మన లాగే ఆయన కూడా రెండింటికీ నల్లి అనే ఇంటిపేరు పెట్టారు! తర్వాతి శాస్త్రవేత్తలు పచ్చదాన్ని వేరు చేసి నెజారా విరిడ్యులా అన్నారు.

దాన్ని ఇట్ల గుర్తుపట్టాలి. ఒళ్లు డాలు లాగా వెడల్పు. వీపు మీద మూడు మూలల పలక ఉంటది. ఆ పలక ముందు అంచున మూడు చిన్న తెల్ల చుక్కలు వరుసగా ఉంటయి. ముట్టుకుంటే కంపు కొడతది. కాయల రసం పీలుస్తది. వరి గింజ పాలు పోసుకునేటప్పుడు వచ్చే కంపునల్లి వేరు, అది సన్నగా పొడుగ్గా ఉంటది. భుజాల మీద ముళ్లున్న వాటిలో ఒక రకం గొంగళి పురుగులను తింటది. అది రైతుకు మేలు చేస్తది. తేడా తెలవకపోతే దాన్ని కూడా మందు కొట్టి చంపుతం.

లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ మొక్కలు, పురుగులు సేకరిస్తూ మన దేశం వచ్చి, 1785లో కాకినాడలో చనిపోయారు.

కాని లిన్నేయస్ ఒక తప్పు చేశారు. మనుషులను రంగును బట్టి నాలుగు రకాలు చేసి, తెల్లవాళ్లను ఎక్కువగా, మిగతావాళ్లను తక్కువగా రాశారు. పురుగును చూసినంత జాగ్రత్తగా మనిషిని చూడలేదు. మనుషులందరిదీ ఒకటే జాతి, హోమో సేపియన్స్. ఆ పేరు పెట్టింది కూడా ఆయనే.

1778 జనవరి 10న ఉప్సాలాలో మరణించారు.

స్నేహితులారా! పురుగు కనపడగానే నలపకండి. ముందు వీపు మీద చుక్కలు చూడండి.

– 9వ తరగతి విద్యార్థిని