దెలాక్రువా చిత్రశాల

ప్యారిసు నగరమున సెయిన్ నదికి ఎడమగట్టున ఫ్యుర్‌స్టాంబర్గు వీథి యను చిన్న వీథి కలదు. అందలి యొక యింటి వెనుక తోఁటయు, ఆ తోఁటవైపు పెద్ద కిటికీగల చిత్రశాలయు నున్నవి. ఫ్రెంచి చిత్రకారుఁడగు యూజీన్ దెలాక్రువా 1857వ సంవత్సరము డిసెంబరు నెలలో ఆ యింట ప్రవేశించి, 1863వ సంవత్సరము ఆగస్టు 13వ తేదిని అందే కన్నుమూసెను. ఇప్పుడది ప్రదర్శనశాల. మొరాకో దేశపు ఆయుధములు, వస్త్రములు, వాద్యములు, తోలుసామానులు అందు భద్రపఱుపఁబడి యున్నవి. అతఁడా దేశమును చూచినది జీవితములో ఒక్కమాఱే. అదియు ఆఱు నెలలైనను నిండని ప్రయాణము. ఆ సామానులు మాత్రము ముప్పదియేండ్లు అతని చెంతనే యుండెను.

దెలాక్రువా 1798వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదిని ప్యారిసు చెంత జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున తండ్రియు, పదునాఱేండ్ల ప్రాయమున తల్లియు గతించిరి. గెరాన్ అను గురువునొద్ద చిత్రలేఖనము నేర్చి, 1822లో దాంతే కవి కావ్యమునుండి గ్రహించిన యొక చిత్రముతో పేరు వడసెను. 1830 నాఁటి విప్లవమునుగూర్చి యతఁడు వ్రాసిన స్వాతంత్ర్యదేవి పటమును చరిత్రపుస్తకములలో చూచిన విద్యార్థులు మనలో ననేకు లుందురు. తూర్పుదేశముల దృశ్యములను గూడ అతఁ డంతకుముందే చిత్రించెను గాని, అవి పుస్తకములు చదివియు, స్నేహితులు తెచ్చిన వస్త్రములు చూచియు ఊహించినవే.

1830లో ఫ్రెంచివారు అల్జీర్సు పట్టణమును పట్టుకొనిరి. పొరుగున నున్న మొరాకో సుల్తానుతో సఖ్యము కుదుర్చుకొనుటకై ఫ్రెంచిరాజు లూయీ ఫిలిప్పు మోర్నే ప్రభువును రాయబారిగా పంపెను. వెంట నొక చిత్రకారుఁ డుండిన బాగుండునని మొదట వేఱొకరిని పిలిచిరి, అతఁడు రాననెను. ఆ చోటు దెలాక్రువాకు దక్కినది. 1832 జనవరి 11న తూలోన్ రేవున ఓడ యెక్కి, ఆ నెల చివర టాంజియరులో దిగెను.

దిగిననాఁటినుండి కన్నులకు పండువే గాని, చేతికి స్వేచ్ఛ లేదు. మనుష్యరూపమును వ్రాయుట ఆ దేశస్థులలో పలువురికి సమ్మతము గాదు. వీథిలో పుస్తకము తెఱచి గీయఁబూనిన జనులకు కోపము వచ్చెడిది. ముస్లిముల గృహములలోని స్త్రీలను చూచుట పరదేశికి శక్యము గాదు. ఫ్రెంచి కాన్సలు కార్యాలయమున దుబాసిగా నుండిన అబ్రహాము బెంషిమోల్ అను యూదుఁడు అతని నాదరించి, తనవారి యిండ్లకు తీసికొని పోయెను. ఫిబ్రవరిలో నొక యూదుల పెండ్లిని చూచు భాగ్యము అతనికట్లు కలిగెను. పరాయివానిని లోనికి రమ్మని పిలిచిన యా దుబాసి లేకున్న, దెలాక్రువా పుస్తకములలో సగము గోడలును తలుపులునే మిగిలియుండెడివని మా యభిప్రాయము.

మార్చి 5న రాయబారము గుఱ్ఱములమీఁద మెక్నెస్ నగరమునకు బయలుదేఱెను. పది దినముల ప్రయాణము. చిన్న పుస్తకమును చేతఁబట్టి త్రోవపొడవునను దెలాక్రువా గీఁతలు గీచుచునే యుండెను. రంగు పూయుటకు తీఱిక లేనిచోట, గోడకొక మాట, నీడకొక మాట, అంగీకొక మాటగా రంగులపేళ్లు గీఁతల ప్రక్కన వ్రాసికొనెను. అట్లు నిండిన పుస్తకములు ఏడందురు. వానిలో మూఁడు లూవ్రు ప్రదర్శనశాలలోను, ఒకటి షాంతియీ పట్టణమందును నేఁడున్నవి.

తెల్లని దుప్పటులు కప్పుకొని నడచు ఆ జనులను చూచి, పుస్తకములలో చదివిన పురాతన రోమకులు ఇచట బ్రదికియున్నారని యతఁడు మురిసెను. ఇది ప్రశంసయే, కాని తన కాలపు మనుష్యులను పాతవిగ్రహములుగా చూచుటలో కొంత లోప మున్నది. ఆ జనులకును నాఁడు అప్పులు, పంటలు, పొరుగున దిగిన ఫ్రెంచి సైన్యమునుగూర్చిన భయము నుండెను గదా. తిరుగుదారిలో దక్షిణ స్పెయినును, ఒరాన్, అల్జీర్సు పట్టణములను చూచి, జులై 5న అతఁడు తూలోన్ చేరెను.

ఇంక అసలు పని ప్యారిసు చిత్రశాలలో మొదలాయెను. మఱియొకఁడైన ఆ పుస్తకములలోని దెల్ల ఏఁడాదిలోపల పటములుగా మార్చి అమ్ముకొనియుండును. దెలాక్రువా అట్లు చేయలేదు. అల్జీర్సు స్త్రీల చిత్రమును 1834లో ప్రదర్శించెను. టాంజియరులో చూచిన పెండ్లి పటమై వెలువడుటకు 1841 వచ్చెను.

పనికి పూనుకొనుటకుముందు వర్ణఫలకమును సిద్ధపఱచుకొనుటకే అతఁడు చాలసేపు వెచ్చించెడివాఁడు. వెలుఁగునకు, నడిమిఛాయకు, నీడకు వలయు మిశ్రమములను ముందుగానే కలిపి వరుసగా పేర్చెడివాఁడు. ఏ పటమునకు ఏ మిశ్రమము వాడెనో వ్రాసియుంచుటయు కలదు. ఎఱుపు ప్రక్కన ఆకుపచ్చ నుంచిన రెండును మఱింత ప్రకాశించుననియు, నీడయనఁగా నలుపుగాదు, దానికిని ఒక వర్ణ మున్నదనియు అతఁడు గ్రహించెను. ఆఫ్రికాసూర్యుఁడు నేర్పిన యీ పాఠమును మబ్బుపట్టిన ప్యారిసులో అభ్యసించెను. గొంతుజబ్బు అతనిని తఱచు బాధించెడిది. శాలలో పొయ్యి రగిల్చి, మెడకు గుడ్డ చుట్టుకొని పని సాగించెడివాఁడు.

1849లో అల్జీర్సు స్త్రీలనే మఱల చిత్రించెను. ఈ రెండు పటములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన అతని మార్గము తెలియును. మొదటిదానిలో గోడపలకలు, చెప్పులు, నగలు అన్నియు లెక్కింప వీలగునట్లున్నవి. రెండవది చిన్నది, స్త్రీలు వెనుకకు జరిగిరి, చీఁకటి చుట్టుముట్టెను, ముఖములమీఁద కొంచెము వెలుఁగు. చూచినది గాక, తలఁచుకొన్న దచట కనఁబడును. చిన్నచిన్న వివరములు మఱచిపోయినపిదపనే తన ప్రయాణమునుండి చెప్పుకొనఁదగిన పని పుట్టసాగెనని 1853లో అతఁడు దినచర్యలో వ్రాసికొనెను. వివరములను అంత శ్రద్ధతో ఏడు పుస్తకములనిండ కూర్చుకొన్నవాఁడు వ్రాసిన మాట యిది! మా విద్యార్థులలో నెవరైన దీనిని నెపముగాఁ గొని నోటుపుస్తకము మానుదురేమో యని మాకు కొంచెము భయము. మఱచుటకు ముందు అతఁ డంతయు వ్రాసియున్నాఁడు.

సుల్తాను పటము కథ వేఱు. 1832 మార్చి 22న మెక్నెస్ నగరపు గోడలయెదుట, గొడుగుక్రింద గుఱ్ఱముపైనుండి, సుల్తాను అబ్దుల్ రహమాను రాయబారికి దర్శన మొసఁగెను. మొదట గీచిన నమూనాలో మోర్నే ప్రభువు నున్నాఁడు. తరువాత సఖ్యము చెడెను. 1844లో ఇస్లీ నదియొద్ద ఫ్రెంచిసైన్యము మొరాకోసేనను ఓడించెను. మఱుసటి యేఁట దెలాక్రువా పండ్రెండడుగులకు మించిన యెత్తుగల పటమును ప్రదర్శించెను. అందు ఫ్రెంచివాఁ డొక్కఁడును లేఁడు. సుల్తానును అతని పరివారమును మాత్రమే. రాజు ముఖమున గాంభీర్యము చెడలేదు. తన దేశము జయోత్సవములు చేసికొనుచున్న వేళ ఓడినవానిని ఇంత గౌరవముతో నిలిపిన యా కుంచె మాకు మిక్కిలి ప్రియమైనది. ఆ పట మిప్పుడు తూలూజ్ నగరమం దున్నది.

కడపటి యేండ్లలో సెయింట్ సుల్పీసు దేవాలయపు గోడపై యాకోబు దేవదూతతో పోరాడు దృశ్యమును వ్రాసెను. 1849లో ఒప్పుకొన్న యా పని 1861లో ముగిసెను. ఆ దేవాలయమునకు దగ్గఱగా నుండుటకే ఫ్యుర్‌స్టాంబర్గు వీథికి వచ్చెను. పెద్ద వృక్షముల నీడలో పోరాటము. దూరమున దుమ్ము రేఁపుకొని పోవు ఒంటెలు, మందలు, మనుష్యులు. ఆ ప్రయాణమును దెలాక్రువా ఎచట చూచెనో మనము గుర్తింపఁగలము.

మరణించిన సంవత్సరమునఁ గూడ కొండలలో పోరాడు అరబ్బులను చిత్రించెను. మొరాకో విషయములతో అతఁడు వ్రాసిన పటములు ఎనుబదికి పైఁబడినవి. 1864 ఫిబ్రవరిలో చిత్రశాలలోని సొత్తు వేలము వేయఁగా, గీఁతపటములే ఆఱువేలకు మించి బయలువెడలెను. మొరాకోసామానులు మాత్రము వేలమునకు పోలేదు. వానిని అతఁడు వీలునామాలో కూర్నో యను తోడి చిత్రకారునికి విడిచెను. ఆ కుటుంబమువారియొద్దనుండియే అవి తిరిగి ఫ్యుర్‌స్టాంబర్గు వీథికి వచ్చినవి.